కంప్యూటర్ ముచ్చట్లు: ఆల్ట్-ట్యాబ్ కొట్టి కొట్టి వేళ్లు అరిగిపోయిన వాళ్లకి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే బాధ చుట్టూ తిరుగుతున్నాయి. లైనక్స్ డెస్క్‌టాప్ మీద ఒక విండోలోంచి ఇంకో విండోలోకి గబుక్కున పోవడం ఎట్టా అని. అందుకని ఆ ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చాను. జవాబుల్లోకి పోయే ముందు ఒక మాట: మన పత్రికలో అన్నీ తెలుగు అక్షరాల్లోనే వేస్తారు కాబట్టి కమాండ్లని ఫోన్లో ఒకరికొకరు చదివి చెప్పుకున్నట్టే రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి, పెద్దక్షరాలు కావాల్సిన చోట నేనే చెబుతాను.

ప్రశ్న: అన్నా, ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటల లెక్కలు రాస్తుంటాను. మా ఓనరు పాత కంప్యూటర్లో లైనక్స్ మింట్ వేయించి ఇచ్చాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలుగు విండోలు తెరిచే ఉంటాయి. కాల్క్‌లో మేత, కౌంటు లెక్కలు, ఫైర్‌ఫాక్స్‌లో ధరలు, ఇంకో దాంట్లో మేత బిల్లుల పీడీఎఫ్‌లు, రైటర్‌లో ఉత్తరాలు. ఆల్ట్-ట్యాబ్ ఒకసారి కొట్టాలా మూడుసార్లు కొట్టాలా అని ప్రతిసారీ చూసుకోవాల్సి వస్తోంది. ఎఫ్1 కొడితే కాల్క్, ఎఫ్2 కొడితే ఫైర్‌ఫాక్స్, అట్టా నేరుగా వచ్చేటట్టు చేసుకోవచ్చా? నాకు ప్రోగ్రామింగ్ రాదు.
(గుమాస్తా, ఇందుకూరుపేట)

జవాబు: చేసుకోవచ్చు, ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫర్వాలేదు, ఒక్క వరుస రాస్తే సరిపోతుంది. మీ తికమకకి కారణం ఏందంటే, ఆల్ట్-ట్యాబ్ విండోలని పేరు వరసలో పెట్టదు, మీరు ఆఖరున ఏది వాడారో దాన్ని ముందు పెడుతుంది. రెండు విండోల మధ్య అటూ ఇటూ తిరిగేవాడికి అది బ్రహ్మాండంగా ఉంటుంది. నాలుగు ఉన్నాయంటే మాత్రం, నిన్న రెండో స్థానంలో ఉన్న కాల్క్ ఈ నిమిషంలో నాలుగో స్థానంలో ఉంటుంది, కాబట్టి వేలికి అలవాటు కావడమనేది ఎప్పటికీ జరగదు.

స్క్రిప్ట్ జోలికి పోకముందు ఒకటి చూసుకోండి. మింట్ సిన్నమన్‌లో కింద పట్టీ మీద ప్రోగ్రాముల బొమ్మలు వరసగా ఉంటాయి కదా, సూపర్ కీ (విండోస్ బొమ్మ ఉండే కీ) పట్టుకుని 1 కొడితే మొదటిది, 2 కొడితే రెండోది వస్తుంది. బొమ్మల్ని మీక్కావలసిన వరసలో పిన్ చేసి పెట్టుకుంటే చాలామందికి పని ఇక్కడితోనే అయిపోతుంది. మీక్కూడా అయిపోతే మిగతాది చదవక్కర్లేదు, నేనేం అనుకోను.

చాలకపోతే డబ్ల్యుఎమ్‌సీటీఆర్‌ఎల్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. విండో మేనేజర్ కంట్రోల్ అనే మాటల్ని కుదిస్తే వచ్చిన పేరు, నోరు తిరగదు గానీ పనిమంతురాలు. టెర్మినల్లో (కమాండ్లు కొట్టే విండో) 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ డబ్ల్యుఎమ్‌సీటీఆర్‌ఎల్' కొడితే వచ్చేస్తుంది. వచ్చాక 'డబ్ల్యుఎమ్‌సీటీఆర్‌ఎల్ -ఎల్ -ఎక్స్' అని కొట్టి చూడండి, తెరిచి ఉన్న విండోలన్నీ వరుసకి ఒకటి చొప్పున పడతాయి. వరుస మొదట్లో విండో నంబరు, తర్వాత అది ఏ వర్క్‌స్పేస్‌లో, అంటే విండోల్ని విడివిడిగా పెట్టుకునే తెరల్లో దేంట్లో ఉందో ఆ అంకె (ఇది 0 నుంచి మొదలవుతుంది, మీ మొదటి వర్క్‌స్పేస్ దీనికి 0), తర్వాత క్లాస్, తర్వాత కంప్యూటర్ పేరు, చివర టైటిల్, అంటే విండో నెత్తిన కనపడే పేరు.

ఈ క్లాసుకీ టైటిలుకీ తేడా మాత్రం బాగా పట్టించుకోవాలి. టైటిల్ గంటకో రకంగా మారుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇంకో ట్యాబ్ నొక్కితే టైటిల్ మారిపోతుంది, కాల్క్‌లో ఇంకో ఫైల్ తెరిస్తే మారిపోతుంది. క్లాస్ అనేది ఇంటిపేరు లాంటిది, ప్రోగ్రాం రాసినవాళ్లు పెట్టింది, మీరు ఏ పేజీ తెరిచినా అదే ఉంటుంది. కాల్క్ విండోకి క్లాస్ 'లిబ్రెఆఫీస్-కాల్క్', రైటర్‌కి 'లిబ్రెఆఫీస్-రైటర్'. కాబట్టి ప్రోగ్రామునే పిలవాలంటే క్లాసుతో పిలవండి. అందుకే గీత ఎక్స్ పెడతాం, దాని తర్వాత గీత ఏ అంటే ఆ విండోని ముందుకి తీసుకురమ్మని:

డబ్ల్యుఎమ్‌సీటీఆర్‌ఎల్ -ఎక్స్ -ఏ లిబ్రెఆఫీస్-కాల్క్

కాల్క్ వేరే వర్క్‌స్పేస్‌లో ఉంటే ఇది మిమ్మల్ని అక్కడికే తీసుకుపోతుంది. అట్టా కాదు, నేనున్న చోటికే కాల్క్‌ని పిలుచుకురా అంటే గీత ఏ బదులు గీత పెద్ద ఆర్. మరి కాల్క్ అసలు తెరిచే లేకపోతే? అప్పుడు ఈ కమాండ్ కిక్కురుమనకుండా ఫెయిలవుతుంది, ఆ ఫెయిలవడాన్నే మనం వాడుకుంటాం. రెండు నిలువు గీతలు పెట్టి పక్కన ఇంకో కమాండ్ రాస్తే, మొదటిది కుదరనప్పుడు రెండోది చెయ్యి అని అర్థం:

డబ్ల్యుఎమ్‌సీటీఆర్‌ఎల్ -ఎక్స్ -ఏ ఫైర్‌ఫాక్స్ || ఫైర్‌ఫాక్స్

ఉంటే ముందుకి వస్తుంది, లేకుంటే కొత్తగా తెరుచుకుంటుంది. మీకు కావలసింది మొత్తం ఈ ఒక్క వరుసలోనే ఉంది.

ఇప్పుడు దీన్ని కీకి తగిలించాలి, ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో షార్ట్‌కట్స్, అందులో కస్టమ్ షార్ట్‌కట్ అని ఉంటుంది. అక్కడ పై వరుసని ఉన్నదున్నట్టు అతికిస్తే పని చేయదు. టెర్మినల్లో బాగానే నడిచిందే, ఇక్కడేం రోగం అనుకుంటారు. ఏం లేదు, రెండు నిలువు గీతల అర్థం తెలిసింది షెల్‌కి, అంటే టెర్మినల్లో మనం కొట్టింది చదివి నడిపే ప్రోగ్రాముకి, షార్ట్‌కట్ పెట్టె షెల్‌ని పిలవకుండా కమాండ్‌ని నేరుగా నడుపుతుంది, ఆ గీతలు కూడా ఏదో విండో పేరేమో అనుకుంటుంది. మందు ఏందంటే, ఆ వరుసని ఒక చిన్న ఫైల్లో పెట్టడం. టెక్స్ట్ ఎడిటర్లో కొత్త ఫైల్ తెరిచి, మొదటి వరుస '#!/బిన్/బాష్', రెండో వరుస మన కమాండ్. హోం ఫోల్డర్‌లో సేవ్ చేసి, ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో పర్మిషన్స్ దగ్గర ప్రోగ్రాముగా నడపనివ్వు అనే దానికి టిక్కు పెట్టండి. షార్ట్‌కట్ పెట్టెలో ఆ ఫైల్ పూర్తి చిరునామా ఇవ్వండి. నాలుగు ప్రోగ్రాములకి నాలుగు ఫైళ్లు, గంటలో అయిపోతుంది, అందులో అరగంట టీకే పోతుంది.

ఎఫ్1, ఎఫ్2 మాత్రం వద్దు. ఇట్టా తగిలించిన కీ ఇంక ప్రోగ్రాముల దాకా పోదు, డెస్క్‌టాపే మధ్యలో పట్టేసుకుంటుంది. కాల్క్‌లో గడి దిద్దాలంటే ఎఫ్2 కావాలి కదా, మీరు లెక్కలు రాసేవాళ్లు, రోజుకి వందసార్లు వాడతారు. సూపర్ కీతో అక్షరం పెట్టుకోండి. సూపర్-డి, సూపర్-ఈ లాంటివి మింట్ ఇప్పటికే వాడుకుంటోంది, అవి వదిలేసి ఏదైనా తీసుకోండి. నేనైతే ఎడమ చెయ్యి సూపర్ మీద ఉండగానే అందే అక్షరాలు పెట్టుకున్నాను, కుడి చెయ్యి మౌస్ మీదనో టీ గ్లాసు మీదనో ఉంటుంది కాబట్టి.

ఒక్క చిక్కుంది. రెండు గుంటలకి రెండు కాల్క్ ఫైళ్లు తెరిచి ఉంటే రెండిటి క్లాసూ ఒకటే. అప్పుడు ఈ కమాండ్ ముందు తెరిచిన దాన్నే మళ్లీ మళ్లీ తెస్తుంది. అట్టాంటప్పుడు గీత ఎక్స్ తీసేసి, ఫైల్ పేరుతో, అంటే టైటిల్‌తో పిలవాలి. దాని సంగతి కింది జవాబులో చూడండి, అందులో నా పరువు పోయిన కథ ఉంది.

ప్రశ్న: నేను స్క్రిప్టులు కొంచెం రాస్తాను. కాల్క్‌లో గడి కాపీ చేసి, ఇంకో విండోకి పోయి అతికించి, మళ్లీ వెనక్కి వచ్చి కింది గడికి దిగడం, ఇదంతా ఎక్స్‌డూటూల్‌తో (మన బదులు కీలు కొట్టి, విండోలు మార్చే ప్రోగ్రాం) చేయిస్తున్నాను. ఒక్కోసారి తప్పు చోట అతుకుతోంది. ఎందుకు?
(అకౌంటెంట్, ఒంగోలు)

జవాబు: ఎందుకంటే మీ స్క్రిప్ట్ విండో కంటే వేగంగా పరిగెత్తుతోంది. 'విండో మార్చు' అని చెప్పడం వేరు, విండో మారడం వేరు. మీరు విండో మేనేజర్‌ని అడుగుతారు, అది తన తీరికలో మారుస్తుంది, ఈలోపు మీ కంట్రోల్-వి పాత విండోలోనే పడిపోతుంది. ఎక్స్‌డూటూల్‌లో 'విండోయాక్టివేట్' పక్కన '--సింక్' అని పెట్టండి, విండో నిజంగా ముందుకి వచ్చేదాకా ఆగుతుంది. అయినా కొన్ని ప్రోగ్రాములు ముందుకి వచ్చాక కూడా కళ్లు నులుముకుంటూ ఉంటాయి, వాటికోసం ఒక 'స్లీప్ 0.3' వేయండి. పాత కంప్యూటరైతే ఇంకాస్త. ఇంకొకటి, స్క్రిప్టుని ఆల్ట్ లేదా సూపర్ కీతో మొదలుపెడుతున్నారా? మీ వేలు ఇంకా దాని మీద ఉండగానే స్క్రిప్ట్ కంట్రోల్-వి పంపితే, అవతలి ప్రోగ్రాముకి అది సూపర్-కంట్రోల్-వి లాగా చేరుతుంది. 'కీ' పక్కన '--క్లియర్‌మాడిఫైయర్స్' పెడితే ఆ బాధ తగ్గుతుంది.

ఇక కథ. కొన్నేళ్ల కిందట నేను కూడా ఇట్టాంటిదే రాశాను. లెక్కల ఫైల్ పేరు 'బిల్'. విండోని టైటిల్‌తో వెతుకు, ముందుకి తీసుకురా, అతికించు, ట్యాబ్ కొట్టు, ఎంటర్ కొట్టు. వారం రోజులు బంగారంలా నడిచింది. ఒకరోజు బ్రౌజర్లో ఒక పార్టీ మెయిల్ తెరిచి, జవాబు రాద్దామని పెట్టె తెరిచి వదిలేశాను, ఆ మెయిల్ సబ్జెక్టులో కూడా 'బిల్' అనే ఉంది, బ్రౌజర్ టైటిల్ అదే అయింది. టైటిల్లో ఆ మాట ఎక్కడున్నా చాలు, మొదట దొరికిన విండోని పట్టుకోవడం ఈ కమాండ్ పద్ధతి, బ్రౌజరేమో పొద్దున్నే తెరిచింది కాబట్టి వరసలో ముందుంది. అంకె పోయి జవాబు పెట్టెలో అతుక్కుంది, ట్యాబ్ కొడితే సెండ్ బటన్ మీదికి పోయింది, ఎంటర్ కొడితే మెయిల్ వెళ్లిపోయింది. నేను చూసుకునేలోపు మూడు మెయిళ్లు పోయాయి, ఒక్కోదాంట్లో ఒక్కో అంకె, ఇంకేమీ లేదు. పది నిమిషాలకి ఫోన్. "ఏందన్నా, ఒక దాంట్లో పద్దెనిమిది వేలంటావు, ఇంకో దాంట్లో నాలుగు వందలంటావు, ఇంతకీ నేనెంత ఇయ్యాల?"

ఆ రోజునుంచి నా స్క్రిప్టుల్లో రెండు మార్పులు. టైటిల్‌తో పిలవాల్సి వస్తే ఫైల్ పేరు మొత్తం ఇస్తాను, దాని వెనక వచ్చే 'లిబ్రెఆఫీస్ కాల్క్' అనే తోకతో సహా. ఎంటర్ మాత్రం స్క్రిప్టులో ఎప్పుడూ పెట్టను, అది నా వేలే కొట్టాలి. డబ్బు, మెయిల్, ప్రభుత్వ ఫారాలు, వీటి దగ్గర మీరూ అట్టాగే చేయండి.

ప్రశ్న: ఒకే కీతో ఇంక్‌స్కేప్‌కీ రైటర్‌కీ మధ్య తిరగాలని స్క్రిప్ట్ రాశాను. ఇప్పుడు ముందున్నది ఇంక్‌స్కేపా అని పోల్చి చూస్తున్నాను గానీ, ముందు అదే ఉన్నా కాదనే అంటోంది. నంబర్లు రెండు రకాలుగా కనపడుతున్నాయి.
(డీటీపీ ఆపరేటర్, ట్రంక్ రోడ్డు, నెల్లూరు)

జవాబు: నంబరు ఒకటే, రాసే పద్ధతులు రెండు. డబ్ల్యుఎమ్‌సీటీఆర్‌ఎల్ విండో నంబర్ని 16 అంకెల పద్ధతిలో, అంటే హెక్స్‌లో చూపిస్తుంది. ఎక్స్‌డూటూల్ మామూలు పది అంకెల పద్ధతిలో చూపిస్తుంది. మొదటిది 0ఎక్స్03ఎ00007 అంటే రెండోది అదే విండోని 60817415 అంటుంది. మీరేమో రెండిట్నీ అక్షరాల లెక్కన పోలుస్తున్నారు. రెండు చోట్లా ఎక్స్‌డూటూలే వాడితే గొడవ వదిలిపోతుంది: 'ఎక్స్‌డూటూల్ సెర్చ్ --క్లాస్ ఇంక్‌స్కేప్' తో దొరికిన నంబర్లలో 'గెట్‌యాక్టివ్‌విండో' చెప్పిన నంబరు ఉందా చూడండి. 'దొరికిన నంబర్లలో' అని ఎందుకన్నానంటే ఒక ప్రోగ్రాముకి కంటికి కనపడని విండోలు కూడా ఉంటాయి, సెర్చ్ వాటిని కూడా తెచ్చి పడేస్తుంది.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో కొత్త ఉబుంటు వేశారు. పాతదాంట్లో చక్కగా నడిచిన నా స్క్రిప్టులన్నీ చచ్చిపోయాయి. విండోల లిస్టు అడిగితే ఒకటో రెండో చూపించి ఊరుకుంటోంది, తెరిచినవి మాత్రం ఆరు ఉన్నాయి. సార్‌ని అడిగితే వేలాండ్ అన్నారు.
(ఇంజినీరింగ్ విద్యార్థిని, ఒంగోలు)

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే అమ్మా. టెర్మినల్లో 'ఎకో' కొట్టి, ఖాళీ వదిలి, డాలర్ గుర్తు పెట్టి, ఎక్స్‌డీజీ అండర్‌స్కోర్ సెషన్ అండర్‌స్కోర్ టైప్ అని అన్నీ పెద్దక్షరాల్లో కొట్టండి. ఎక్స్11 అని వస్తే పై జవాబులన్నీ మీకు పనికొస్తాయి, వేలాండ్ అని వస్తే పనికిరావు.

ఎక్స్ అనేది తెర మీద విండోలు చూపించే ఏర్పాటు, 1984లో అమెరికాలోని ఎమ్‌ఐటీలో పుట్టింది, మనం వాడే పదకొండో వెర్షన్ 1987ది. అప్పటి మనుషులకి ఒకరంటే ఒకరికి నమ్మకం ఎక్కువ. మీ ఊరి పొగాకు వేలం ప్లాట్‌ఫారం ఎప్పుడన్నా చూశారా? బేళ్లు వరసగా పెట్టి ఉంటాయి, లోపలికి వచ్చినవాళ్లు ఏ బేలు దగ్గరికైనా పోయి ఆకు తీసి చూడొచ్చు. ఎక్స్ అట్టాంటిదే. లోపలికి వచ్చిన ఏ ప్రోగ్రామైనా మిగతా విండోలన్నీ చూడొచ్చు, పేర్లు చదవొచ్చు, ముందుకి లాగొచ్చు, ఇంకో దాంట్లో కొట్టే కీలని కూడా వినొచ్చు. మన స్క్రిప్టులు బతికింది ఆ సందులోనే, బ్యాంకు పాస్‌వర్డ్ దొంగిలించే ప్రోగ్రాముకి కూడా అదే సందు. అదే పని చెయ్యడానికి 2008లో మొదలైన వేలాండ్ ఆ సందు మూసేసింది. అక్కడ ఏ ప్రోగ్రాముకైనా తన విండో తప్ప పక్కదాని ఊసే తెలియదు, ఏది ముందుకి రావాలో నిర్ణయించేది డెస్క్‌టాప్ ఒక్కటే. మీకు కనపడిన ఒకటీ రెండూ ఇంకా పాత పద్ధతిలో, ఎక్స్‌వేలాండ్ అనే వంతెన మీద నడుస్తున్న ప్రోగ్రాములు.

కాబట్టి వేలాండ్‌లో 'అన్ని డెస్క్‌టాపులకీ ఒకే కమాండ్' అనేది లేదు, ఏ డెస్క్‌టాప్‌కి ఆ డెస్క్‌టాప్‌నే అడగాలి. కేడీఈ అయితే దాని విండో మేనేజర్ క్విన్‌కి సొంత స్క్రిప్టింగ్ ఉంది, దాని మీద కట్టిన కేడూటూల్ మీకు తెలిసిన ఎక్స్‌డూటూల్ లాగే ఉంటుంది. స్వే వాడేవాళ్లకి అన్నిటికంటే సుఖం, స్వేఎమ్‌ఎస్‌జీ అనే కమాండ్‌తో ఫలానా యాప్ ఐడీ ఉన్న విండోకి ఫోకస్ ఇవ్వు అంటే ఇచ్చేస్తుంది. మీ ఉబుంటులో ఉండేది గ్నోమ్. అందులో ఒకప్పుడు గ్నోమ్ షెల్ (డెస్క్‌టాప్‌ని నడిపే ప్రోగ్రాం, పైన చెప్పిన షెల్ కాదు) లోపల మనకిష్టమైన కోడ్ నడిపే దారి ఉండేది, గ్నోమ్ 41 నుంచి దానికి తాళం వేశారు. ఇప్పుడు 'విండో కాల్స్' అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) ద్వారా విండోల లిస్టు అడగొచ్చు, నంబరు ఇచ్చి ముందుకి రప్పించొచ్చు. నేను వాడేది అదే. వైడూటూల్ వాడమని ఎవరైనా చెబుతారు, అది వేలాండ్‌లో కీలు కొట్టడానికి పనికొస్తుంది గానీ ఏ విండో ఎక్కడుందో దానికి తెలియదు, కళ్లకి గంతలు కట్టుకుని టైపు కొట్టినట్టే.

ఇదంతా వద్దు, పాత స్క్రిప్టులే కావాలంటే, లాగిన్ తెర మీద పాస్‌వర్డ్ కొట్టేముందు కింద మూల పళ్లచక్రం బొమ్మ నొక్కి 'ఉబుంటు ఆన్ ఎక్సార్గ్' ఎంచుకోండి. 22.04లో, 24.04లో ఉంది. 25.10 నుంచి గ్నోమ్‌తో ఆ దారి తీసేశారు, కాబట్టి ఇది ఇప్పటికి గడిచే ఉపాయమే, ఎక్స్‌టెన్షన్ దారి నేర్చుకోవడం మొదలుపెట్టండి.

ప్రశ్న: నేను ఇంట్లోనే తెలుగు టైపింగ్, ప్రూఫులు చేస్తాను. రైటర్‌లో తెలుగు కొడుతూ బ్రౌజర్లోకి పోయి ఏదన్నా వెతకబోతే అక్కడ కూడా తెలుగే పడుతోంది. మార్చి కొట్టి వెనక్కి వస్తే ఇక్కడ ఇంగ్లీషు. విసుగొస్తోంది. విండో మారినప్పుడు భాష దానంతట అది మారేలా స్క్రిప్ట్ రాయాలా?
(గృహిణి, కావలి)

జవాబు: అక్కర్లేదమ్మా, సెట్టింగ్ ఉంది. గ్నోమ్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో కీబోర్డ్ దగ్గర, అన్ని విండోలకీ ఒకే ఇన్‌పుట్ కావాలా, ఏ విండోకి ఆ విండోకి వేరుగా కావాలా అని రెండు ఉంటాయి. రెండోది ఎంచుకోండి. రైటర్‌కి తెలుగు గుర్తుంటుంది, బ్రౌజర్‌కి ఇంగ్లీషు గుర్తుంటుంది. మింట్‌లో ఐబస్ (వేరే భాషలు కొట్టించే ప్రోగ్రాం) వాడుతుంటే దాని ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి పోయి, అన్ని ప్రోగ్రాములూ ఒకే ఇన్‌పుట్ పంచుకోవాలి అనే టిక్కు తీసేయండి. మీరు ఇన్‌స్క్రిప్ట్ కొట్టినా, ఇంగ్లీషు అక్షరాలతో ఆర్‌టీఎస్ పద్ధతిలో కొట్టినా తేడా లేదు. ఒక్కటే, ఇది విండోకి విండోకి మధ్యే పని చేస్తుంది, ఒకే బ్రౌజర్లో ట్యాబ్ మారిస్తే భాష మారదు. తెలుగు రాసే పేజీని వేరే విండోగా తెరుచుకోండి.

ప్రశ్న: విండోస్‌లో ఆటోహాట్‌కీకి (కీలకి పనులు తగిలించే ప్రోగ్రాం) అలవాటు పడ్డాను. లైనక్స్‌లో దానికి బదులేంది?
(మెడికల్ షాపు, కందుకూరు)

జవాబు: ఆటోకీ. పేర్లు దగ్గరగా ఉన్నాయని పాత స్క్రిప్టులు నడుస్తాయనుకోవద్దు, ఇందులో రాయాల్సింది పైథాన్‌లో. విండో మార్చడానికి లోపల అది పిలిచేది మనం పైన చెప్పుకున్న డబ్ల్యుఎమ్‌సీటీఆర్‌ఎల్‌నే, కాబట్టి దానికీ ఎక్స్11 ఉండాల్సిందే. మందుల పేర్లు పొట్టి అక్షరాలు కొడితే పూర్తిగా పడేలా చేసుకోవడానికి మాత్రం చాలా బాగుంటుంది.

ప్రశ్న: ఇన్ని తిప్పలెందుకు సార్, రెండో మానిటర్ కొనుక్కుంటే పోయేదానికి?
(రిటైర్డ్ టీచర్, గూడూరు)

జవాబు: కొనుక్కోండి మాస్టారూ, నాక్కూడా రెండున్నాయి. చూడటానికి విండో మార్చే పని తప్పుతుంది. కొట్టడానికి మాత్రం కీలు ఎప్పుడూ ఒక్క విండోలోకే పోతాయి కదా, అటు చూస్తూ ఇటు కొట్టి వాక్యం మొత్తం వేరే దాంట్లో పడటం ఇంకా ఎక్కువైంది మా ఇంట్లో. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే వెనకాల ఏ పోర్టు ఉందో చూసుకుని తీసుకోండి, వీజీఏ ఒక్కటే ఉంటే కొత్త ల్యాప్‌టాపులకి మధ్యలో అడాప్టర్ కావాలి, దాని ఖర్చు కూడా కలిపి బేరమాడండి.